స్థలం మారిన కేక: బాబ్ డిలన్ మాంచెస్టర్ కచేరీ (1966) – ఒక పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:

రాక్ సంగీత చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన శ్రోత కేక 1966 మే 17న ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో వినిపించింది. దొంగ రికార్డులు దానిని లండనుకు, ఇటీవలి ఒక చలనచిత్రం అమెరికాలోని న్యూపోర్టుకు తరలించాయి. ఈ తరలింపులలో ఆ కేక వెనుక ఉన్న వాదం మరుగున పడి, 'కొత్తదనాన్ని సహించలేని శ్రోత' అనే తేలిక వ్యాఖ్యానం స్థిరపడింది. ఆ రాత్రి పాడిన పాటల క్రమం, కేకగా వాడిన పదం, భవనం, రికార్డింగు అనే ఆధారాలతో ఆ వ్యాఖ్యానాన్ని ఈ వ్యాసం పరీక్షిస్తుంది.

కీలకపదాలు: బాబ్ డిలన్, ఫోక్ ఉద్యమం, రాక్ సంగీతం, శ్రోత, రికార్డింగు, చరిత్ర రచన.

1. ఉపోద్ఘాతం

2024లో విడుదలైన 'ఎ కంప్లీట్ అన్‌నోన్' చలనచిత్రం చివరి ఘట్టాలలో బాబ్ డిలన్ న్యూపోర్ట్ ఫోక్ ఉత్సవ వేదిక మీద ఎలక్ట్రిక్ గిటారుతో నిలబడతాడు. జనంలో నుంచి ఎవరో "జూడాస్!" అని కేక వేస్తారు. దృశ్యం బాగా రక్తి కట్టింది. అయితే 1965 జూలై 25 నాటి న్యూపోర్టులో ఆ కేక లేదు. అది దాదాపు పది నెలల తరువాత, అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున, మాంచెస్టర్‌లోని ఫ్రీ ట్రేడ్ హాలులో పుట్టింది.

చలనచిత్రానికి అంతమాత్రపు స్వేచ్ఛ ఉండకూడదని ఎవరూ అనరు. దర్శకుడు జేమ్స్ మాంగోల్డ్ ఆధారం చేసుకున్న గ్రంథం, ఎలైజా వాల్డ్ 2015లో ప్రచురించిన 'డిలన్ గోస్ ఎలక్ట్రిక్!', ఈ రెండు సంఘటనలను కలిపివేయదు. వెండితెర కలిపింది. రెండు వేర్వేరు దేశాలలో, వేర్వేరు కారణాలతో అసంతృప్తి చెందిన శ్రోతలను ఒకే మైదానంలో నిలబెట్టవచ్చునని అంత సులభంగా తోచడం మాత్రం ఆలోచించవలసిన విషయం. ప్రజారంజక సంగీత చరిత్ర ఎక్కువగా 'ఘట్టాల' చరిత్రగానే రాయబడింది. ఆ ఘట్టాలకు ఒక మూస ఉంది. ముందుచూపు గల కళాకారుడు ఒకవైపు, అతనిని గుర్తించలేని జనం మరొకవైపు, చివరకు కళాకారుడికి అనుకూలంగా తీర్పు చెప్పే కాలం. ఈ మూసలో కేక వేసిన మనిషికి మాట్లాడే అవకాశమే లేదు. అతడు ఓడిపోవడానికే పుట్టిన పాత్ర.

ఆ పాత్రకు ఒక వాదం ఉన్నదా, ఉంటే అది నిలుస్తుందా అన్నది ఇక్కడి ప్రశ్న.

పరిభాష గురించి ఒక మాట. తెలుగు పరిశోధనలో జానపద గేయమంటే సాధారణంగా కర్త తెలియకుండా, నోటి నుంచి నోటికి ప్రచారమైన గేయం. 1960ల అమెరికాలో, బ్రిటన్‌లో 'ఫోక్' అన్న మాట అంతకంటె విస్తృతం. సంప్రదాయ గేయాలతోపాటు, వాటి బాణీలో నిన్న మొన్న రాసిన పాటలు కూడా, ప్రత్యేకించి కార్మిక, యుద్ధ వ్యతిరేక, పౌరహక్కుల గీతాలు, ఆ పేరు కిందికే వచ్చేవి. కనుక ఈ వ్యాసంలో ఉద్యమాన్ని 'ఫోక్' అనే పేర్కొనడం జరిగింది.

2. న్యూపోర్ట్: వినపడని మాట

1963లో పునరుద్ధరించినప్పటినుంచి న్యూపోర్ట్ ఉత్సవం లాభాపేక్ష లేని సంస్థగా నడిచింది. పేరున్న గాయకుడికైనా, కొండ పల్లె నుంచి వచ్చిన వృద్ధ వాద్యకారుడికైనా పారితోషికం ఒక్కటే: 50 డాలర్లు, దారి ఖర్చులు. ఈ నియమాన్ని గుర్తుంచుకోకపోతే అక్కడి గొడవ కేవలం వాద్యాల గొడవగా కనిపిస్తుంది. 1965 ఉత్సవంలోనే పాల్ బటర్‌ఫీల్డ్ బ్లూస్ బ్యాండ్ ఎలక్ట్రిక్ వాద్యాలతో వాయించింది. ఆ బ్యాండును జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ పరిచయం చేసిన తీరు డిలన్ మేనేజరు ఆల్బర్ట్ గ్రాస్‌మన్‌కు నచ్చలేదు. ఇద్దరు పెద్దమనుషులు నేల మీద పడి కొట్టుకున్నారు. ఈ ఉదంతాన్ని చరిత్రకారులు హాస్యంగా చెబుతారు గాని, సేకర్తకూ మేనేజరుకూ మధ్య జరిగిన ఆ పెనుగులాటలోనే సగం చరిత్ర ఉంది.

ఆదివారం రాత్రి డిలన్ అదే బ్యాండులోని మైక్ బ్లూమ్‌ఫీల్డ్, జెరోమ్ ఆర్నాల్డ్, శామ్ లేలతోను, ఆల్ కూపర్, బారీ గోల్డ్‌బర్గ్‌లతోను కలిసి మూడే మూడు పాటలు పాడి దిగిపోయాడు. గోల చెలరేగింది. ఆ గోల దేనికన్న విషయంలో ప్రత్యక్షసాక్షుల మధ్యనే ఏకాభిప్రాయం లేదు. ఎలక్ట్రిక్ వాద్యాలను నిరసించారని కొందరు, శబ్దం బాగాలేదని కొందరు, అందరికంటె పెద్ద గాయకుడు మూడు పాటలకే వెళ్లిపోయాడన్న కోపమని మరికొందరు చెప్పారు. మూడూ నిజమే కావచ్చు. వేలమంది జనం ఒకే కారణంతో అరుస్తారనుకోవడమే అమాయకత్వం. తరువాత అతడు అకూస్టిక్ గిటారుతో తిరిగివచ్చి మరి రెండు పాటలు పాడాడు.

ఆ రాత్రి పీట్ సీగర్ గొడ్డలితో మైకు తీగను నరకబోయాడన్న కథ లోకమంతా తిరిగింది. గొడ్డలి ఉంటే తీగ నరికేవాడినని అన్నమాట వాస్తవమేనని సీగర్ తరువాతి కాలంలో ఒప్పుకొన్నాడు. అయితే అతడు చెప్పిన కారణం వేరు. శబ్దం ఎంత వికృతంగా ఉన్నదంటే పాటలోని మాటలు వినపడలేదు. ఆ పాట మంచి పాట, అందుకే కోపం వచ్చింది. కథలో గొడ్డలి మిగిలింది, కారణం జారిపోయింది.

సీగర్ చెప్పిన కారణం నమ్మదగినదా? అతడు తన్ను తాను సమర్థించుకోవడానికి తరువాత కల్పించుకొన్నదని అనుమానించే అవకాశం ఉంది. అయినా అతని జీవితమంతా ఆ కారణానికి సాక్ష్యంగా నిలుస్తుంది. 1945 చివరలో న్యూయార్క్‌లో 'పీపుల్స్ సాంగ్స్' సంస్థను నెలకొల్పినవారిలో సీగర్ ఒకడు. పాట జనం నోట నిలవాలి, అందుకు ముందు పాటలోని మాట జనం చెవిన పడాలి అన్నది ఆ సంస్థ పునాది. ఇది తెలుగు పాఠకులకు అపరిచితమైన ఆలోచన కాదు. 1943లో ఏర్పడిన భారతీయ ప్రజానాట్య సంఘం, ఆంధ్రదేశంలో బుర్రకథను చేపట్టిన ప్రజానాట్యమండలి, న్యూయార్క్ బృందం ఒకే అంతర్జాతీయ వామపక్ష వాతావరణంలో పుట్టినవి. బుర్రకథలో వంతలు కథకుడి మాటను అందుకొని తేటపరుస్తారే గాని మింగివేయరు. వాద్యం మాటను మింగివేస్తే ఆ కళ ఉద్దేశమే చెడుతుంది.

3. మాంచెస్టర్: పాటల క్రమం చెప్పే సాక్ష్యం

న్యూపోర్ట్ తరువాత నెల తిరగగానే, ఆగస్టు 28న, న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్ కచేరీలో మళ్లీ గోల జరిగింది. అప్పటికి న్యూపోర్ట్ కథ పత్రికలకు ఎక్కింది. ఏ భాగంలో నిరసన తెలపాలో తెలిసినవారు ఆ జనంలో ఉన్నారు. అంటే గోల కొంత నేర్చుకొన్నది, కొంత తంతుగా మారినది. 1966 మే నెలలో బ్రిటన్ పర్యటన నాటికి ఇది మరింత నిజం. 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' బ్రిటన్ జాబితాలలో 4వ స్థానం వరకు వెళ్లింది. 'హైవే 61 రీవిజిటెడ్' ఎల్పీ వచ్చి తొమ్మిది నెలలు కావస్తున్నది. డిలన్ ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడని ఫ్రీ ట్రేడ్ హాలుకు టికెట్టు కొన్నవారికి తెలియదనడం కుదరదు. కాబట్టి కేకకు 'ఆశాభంగం' ఒక్కటే కారణం కాజాలదు. శ్రోత పక్షాన వాదించేవారు మొదట ఒప్పుకొని తీరవలసిన ప్రతికూల సాక్ష్యం ఇది.

ఇక ఆ రాత్రి పాడిన పాటలను చూడాలి. కచేరీ రెండు భాగాలు. మొదటి భాగంలో డిలన్ ఒక్కడే, అకూస్టిక్ గిటారు, హార్మోనికాలతో ఏడు పాటలు పాడాడు: 'షి బిలాంగ్స్ టు మి', 'ఫోర్త్ టైమ్ అరౌండ్', 'విజన్స్ ఆఫ్ జోహానా', 'ఇట్స్ ఆల్ ఓవర్ నౌ, బేబీ బ్లూ', 'డిసొలేషన్ రో', 'జస్ట్ లైక్ ఎ వుమన్', 'మిస్టర్ టాంబరీన్ మాన్'. హాలు నిశ్శబ్దంగా విన్నది. పాట ముగిశాక మర్యాదగా చప్పట్లు.

ఈ ఏడింటిలో సంప్రదాయ గేయం ఒక్కటి కూడా లేదు. నిరసన గీతం ఒక్కటి కూడా లేదు. యుద్ధాన్ని, జాతి వివక్షను ఖండించి అతనికి పేరు తెచ్చిన పాటలలో ఒక్కదానినీ అతడు పాడలేదు. ఏడూ 1965, 66 సంవత్సరాలలో వెలువడిన రచనలే. మూడు పాటలున్న 'బ్లాండ్ ఆన్ బ్లాండ్' అప్పటికి బ్రిటిష్ శ్రోతల చేతికి అందనే లేదు. అవి అంతర్ముఖమైనవి, చిక్కని ప్రతీకలతో నిండినవి, ఏ ఊరేగింపులోనూ పాడలేనివి. ఫోక్ ఆదర్శాన్ని వదలివేయడమే నేరమైతే, ఆ నేరం మొదటి భాగంలోనే సంపూర్ణంగా జరిగింది. ఎవరూ కేక వేయలేదు.

రెండవ భాగంలో 'ద హాక్స్' బృందం వేదిక ఎక్కింది: రాబీ రాబర్ట్‌సన్ గిటారు, రిక్ డాంకో బేస్, రిచర్డ్ మాన్యుయెల్ పియానో, గార్త్ హడ్సన్ ఆర్గన్, మికీ జోన్స్ డ్రమ్స్. ఎనిమిది పాటలు. వీటిలో మూడు పాతవి. 'బేబీ, లెట్ మి ఫాలో యు డౌన్' అనే సంప్రదాయ గేయం 1962 నాటి డిలన్ మొదటి ఎల్పీలోనిది. 'వన్ టూ మెనీ మార్నింగ్స్', 'ఐ డోంట్ బిలీవ్ యు' 1964 నాటివి. అంటే ఆ రాత్రి మొత్తంలో ఫోక్ సంప్రదాయానికి అన్నిటికంటె దగ్గరగా ఉన్న పాటలు రెండవ భాగంలో ఉన్నాయి. శ్రోతలు ఎదురు తిరిగింది ఆ భాగం మీద.

ఈ తలకిందుల అమరిక మీద విమర్శకుల దృష్టి తగినంత పడలేదు. పాటల ఎంపిక ఒకవైపు, శ్రోతల స్పందన సరిగ్గా ఎదురువైపు ఉన్నాయి. దీనికి రెండు వివరణలు సాధ్యం. శ్రోతలు పాటను గాక వాద్యాన్ని పూజించారన్నది మొదటిది. చెక్క గిటారు కనిపిస్తే చాలు, ఏం పాడినా ఫోక్ అనుకున్నారు. ఇది డిలన్ అభిమానుల వ్యాఖ్యానం, ఇందులో కొంత నిజం ఉంది. రెండవ వివరణ ప్రకారం మొదటి భాగంలో ప్రతి మాటా వినపడింది, రెండవ భాగంలో వినపడలేదు. అర్థం కాని ప్రతీకలనైనా ఆ శ్రోతలు ఓపికగా విన్నారు. మాట చెవిన పడకపోవడాన్ని మాత్రం సహించలేదు. ఈ రెండవ వివరణ సీగర్ గొడ్డలి మాటతో సరిగ్గా కలుస్తుంది.

డిలన్ పక్షానికి కూడా గట్టి వాదమే ఉంది. దానిని అతడు ఆ రాత్రే వేదిక మీద చెప్పాడు. 'ఐ డోంట్ బిలీవ్ యు' మొదలుపెట్టే ముందు, ఈ పాట ఒకప్పుడు అలా ఉండేది, ఇప్పుడు ఇలా ఉంటుంది అన్న అర్థం వచ్చేట్టు రెండు ముక్కలు అన్నాడు. జానపద శాస్త్రం తెలిసిన ఏ అధ్యాపకుడైనా ఆ మాటకు తల ఊపక తప్పదు. పాఠభేదమే మౌఖిక గేయానికి ప్రాణం. ఒక పాటను ఒకే రూపంలో ఎల్లకాలం పాడాలని కోరేవారు గ్రామఫోను రికార్డుకు అలవాటుపడినవారే గాని జానపదులు కారు. ఈ ఒక్క విషయంలో శ్రోతల పక్షం బలహీనమైనది. వారు సంప్రదాయం పేరిట కోరింది నిజానికి 1963 నాటి ఎల్పీని.

శ్రోతల అసహనం కేకతో మొదలు కాలేదు. పాటకూ పాటకూ మధ్య నెమ్మదిగా, ఒకే లయలో చప్పట్లు కొట్టి గాయకుణ్ణి ఆపజూడడం బ్రిటిష్ సభల అలవాటు. రికార్డులో అవి స్పష్టంగా వినిపిస్తాయి. ఒకచోట డిలన్ మైకు దగ్గరికి వచ్చి అర్థంలేని గొణుగుడు సాగిస్తాడు. ఏమంటున్నాడో వినాలని జనం చప్పట్లు ఆపుతారు. నిశ్శబ్దం కాగానే, మీరు అంత గట్టిగా చప్పట్లు కొట్టకుంటే బాగుండును అన్న మాటతో ముగిస్తాడు. హాలు నవ్వి మెచ్చుకొంటుంది. మాట వినపడాలన్న శ్రోతల ఆరాటాన్ని అతడు ఎంత కచ్చితంగా గుర్తించాడో, దానితో ఎంత చమత్కారంగా ఆడుకొన్నాడో ఈ చిన్న సంఘటన తెలుపుతుంది.

4. 'జూడాస్' అన్న పదం

'బాలడ్ ఆఫ్ ఎ థిన్ మాన్' ముగిసి, చివరి పాట మొదలయ్యే లోపు ఆ కేక వచ్చింది. దీనిని తెలుగులో 'ద్రోహి' అని అనువదించడం పరిపాటి. అనువాదం తప్పు కాదు గాని చాలదు. తెలుగు బైబిలులో ఇస్కరియోతు యూదాగా కనిపించే ఆ శిష్యుడు కేవలం ద్రోహి కాడు, ముప్పది వెండి నాణెములకు గురువును అమ్మినవాడు. ఆ పేరులోనే బేరం ఉంది. ఫోక్ ఉద్యమ పరిభాషలో రాక్ సంగీతం యువకుల జేబుల కోసం తయారైన సరకు. అందుచేత ఆ కేకలోని అభియోగం 'మారిపోయావు' అన్నది కాదు, 'అమ్ముడుపోయావు' అన్నది. న్యూపోర్టులోని 50 డాలర్ల నియమానికీ ఈ పదానికీ ఉన్న సంబంధం ఇక్కడ తెలుస్తుంది.

పదానికి మరొక పార్శ్వం కూడా ఉంది. డిలన్ యూదు కుటుంబంలో పుట్టినవాడు. యూదులపై ద్వేషాన్ని ఎగదోయడానికి యూరప్ శతాబ్దాల తరబడి వాడుకొన్న పేరు అది. కేక వేసిన మనిషి మనసులో ఆ ఉద్దేశం ఉన్నదనడానికి ఆధారం లేదు. కాని పదం చరిత్ర పలికినవాడి ఉద్దేశంతో నిమిత్తం లేకుండా పనిచేస్తుంది. 2012లో ఒక పత్రికకు ఇచ్చిన సంభాషణలో, మానవ చరిత్రలోకెల్లా అసహ్యించుకోబడిన పేరుతో తనను పిలిచారని డిలన్ గుర్తుచేసుకొన్నాడు. నలభై ఆరేళ్లు గడిచినా ఆ గాయం మానలేదు. శ్రోత వాదాన్ని సమర్థించేవారు కూడా ఈ పదాన్ని సమర్థించలేరు.

డిలన్ ఇచ్చిన జవాబు, నిన్ను నమ్మను, నీవు అబద్ధాలకోరువు అన్నది. జవాబులోని మొదటి మాట అంతకు ముందు అదే వేదిక మీద పాడిన పాట శీర్షిక. వెంటనే బృందం వైపు తిరిగి, గట్టిగా వాయించమని ఒక బూతుమాట చేర్చి చెప్పాడు. 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' మొదలైంది. కళాఖండంగా ఆ ప్రదర్శనకు సాటి వచ్చేవి అరుదు. కాని వాదంగా చూస్తే, మాట వినపడలేదన్న ఫిర్యాదుకు శబ్దం పెంచడమే సమాధానమైంది.

5. ఆ నగరం, ఆ భవనం

కేకను మాంచెస్టర్ నుంచి తరలిస్తే పోయేదేమిటి? మొదట పోయేది బ్రిటిష్ ఫోక్ ఉద్యమం. అమెరికాలో 1960ల ఫోక్ విశ్వవిద్యాలయ విద్యార్థుల అభిరుచిగా విస్తరించింది. బ్రిటన్‌లో దానికి కార్మిక, కమ్యూనిస్టు పునాది చాలాకాలం నిలిచింది. మాంచెస్టరును ఆనుకొని ఉన్న సాల్ఫర్డ్‌లో పుట్టిన ఇవాన్ మెక్‌కాల్ ఆ ఉద్యమానికి సిద్ధాంతకర్త వంటివాడు. గాయకుడు తన భాషకూ తన ప్రాంతానికీ చెందిన పాటలే పాడాలన్నది అతడు తన క్లబ్బులో పెట్టిన కట్టుబాటు. అది మితిమీరిన కట్టుబాటు. మెక్‌కాల్ డిలన్‌ను ఎన్నడూ గొప్ప కవిగా అంగీకరించలేదు, 1965లోనే అమెరికన్ ఫోక్ పత్రిక 'సింగ్ అవుట్!'లో తీవ్రంగా విమర్శించాడు. ఆ రాత్రి హాలులో ఉన్నవాడూ, తరువాత దానిపై 'లైక్ ద నైట్' అనే గ్రంథం రాసినవాడూ అయిన సి.పి. లీ ఈ వామపక్ష ఫోక్ క్లబ్బుల ప్రభావాన్ని నిరసనకు ఒక కారణంగా చూపాడు.

ఆ ఉద్యమానికి డిలన్ మీద ఒక హక్కు కూడా ఉండేది. 1962 డిసెంబరులో అతడు మొదటిసారి లండన్ వచ్చినప్పుడు ఫోక్ క్లబ్బులలో పాడాడు, మార్టిన్ కార్తీ వంటి గాయకుల దగ్గర ఇంగ్లీషు సంప్రదాయ గేయాలు విన్నాడు. 'బాబ్ డిలన్స్ డ్రీమ్' పాట వరుస అలా తీసుకొన్నదే. ఫోక్ సంప్రదాయంలో వరుస తీసుకోవడం దొంగతనం కాదు. అది అప్పు, పాడి తీర్చుకోవలసినది. తమ వరుసల మీద ఎదిగినవాడు తమకు వినపడకుండా పాడుతున్నాడన్న భావన అప్పిచ్చినవాడి ఆక్రోశం వంటిది. న్యూపోర్ట్ శ్రోతలకు ఈ కోణం వర్తించదు.

రెండవది భవనం. 1819లో ఓటు హక్కు కోరుతూ గుమిగూడిన జనంపై గుర్రపు దళం దాడి చేసిన పీటర్లూ నెత్తుటి నేల మీద ఫ్రీ ట్రేడ్ హాలు నిలిచింది. ధాన్యం దిగుమతి చట్టాల రద్దుకు గుర్తుగా 1850లలో దానిని కట్టారు. 1905 అక్టోబరులో లిబరల్ పార్టీ సభ జరుగుతుండగా క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్, ఆనీ కెన్నీ లేచి స్త్రీలకు ఓటు హక్కు ఇస్తారా అని కేకలు వేసి అడిగారు. వారిని బయటికి ఈడ్చివేసి తరువాత జైలుకు పంపారు. ఆ కేకను నేటి చరిత్ర ధీరత్వంగా గుర్తిస్తుంది. 1966 నాటి కేకను 1905 నాటి కేకతో సమానం చేయడం హాస్యాస్పదమే. అయినా, వేదిక మీది మనిషిని కింది నుంచి నిలదీయడం ఆ హాలులో అమర్యాద మాత్రమే కాదు, ఒక ఆనవాయితీ కూడా. తెలుగు పద్యనాటక ప్రదర్శనలలో 'వన్స్‌మోర్' కేక నాటకానికి అడ్డంకిగా గాక నాటకంలో భాగంగా చెల్లుబాటైన విషయం ఇక్కడ స్ఫురిస్తుంది. కేక మెప్పుదా, నిరసనదా అన్నది వేరు సంగతి.

6. రికార్డు విన్నది, హాలు వినలేదు

యుద్ధకాలపు బాంబు దాడిలో ధ్వంసమైన ఆ హాలును పునర్నిర్మించి 1951లో తెరిచారు. 1996 వరకు అది హాలే ఆర్కెస్ట్రాకు నిలయంగా ఉండేది. మైకు లేని వయొలిన్ల నాదం చివరి వరుస దాకా తేలిపోవడానికి తగిన భవనం. అటువంటి చోట విద్యుత్తుతో పెంచిన గిటార్లు, డ్రమ్స్ ప్రతిధ్వనిలో ముద్దయిపోతాయి. గాయకుడి మాట ఆ ముద్దలో కలిసిపోతుంది. కేక వేసింది తామేనని తరువాత ఇద్దరు వేర్వేరుగా చెప్పుకొన్నారు. వారిలో ఒకరు ఇచ్చిన వివరణ గమనింపదగినది. అతడు ఎలక్ట్రిక్ వాయించినందుకు కోపం రాలేదని, శబ్దం అధ్వానంగా ఉండి ఏమీ తెలియలేదని, మొదటి భాగంలోని తాదాత్మ్యం రెండవ భాగంలో లేదని, తాను విన్నది తరువాత వచ్చిన రికార్డులో ఉన్నది కాదని చెప్పారు.

ఈ చివరి మాటే ఈ వ్యాసానికి ఆయువుపట్టు. సిబిఎస్ సంస్థ ఆ కచేరీని వృత్తిస్థాయి పరికరాలతో రికార్డు చేసింది. మైకుల నుంచి వచ్చిన ధ్వని, హాలులోని ప్రతిధ్వనిలో ముద్ద కాకముందే టేపు మీదికి చేరింది. ఆ టేపులో రాబర్ట్‌సన్ గిటారు మీటు, హడ్సన్ ఆర్గన్ తీగ, డిలన్ సాగదీసిన ప్రతి అక్షరం విడివిడిగా వినిపిస్తాయి. అది విని, ఇంత గొప్ప సంగీతాన్ని నిరసించినవాడు ఎంత చెవిటివాడో అని అరవై ఏళ్లుగా విమర్శకులు ఆశ్చర్యపోతున్నారు. నిరసించినవాడు అది వినలేదు. విమర్శకుడూ శ్రోతా రెండు వేర్వేరు కచేరీలు విన్నారు. ఒకరి తీర్పును మరొకరి సాక్ష్యంతో కొట్టివేయడం పరిశోధన పద్ధతిగా నిలవదు. ప్రదర్శన కళల పరిశోధకులు రికార్డింగును మూలప్రతిగా భావించే ప్రతిచోటా ఈ ప్రమాదం ఉంది. రికార్డు కూడా ఒక పాఠమే, అదీ పరిష్కృత పాఠం.

వాదం కొనసాగే అవకాశం కూడా శ్రోతలకు దక్కలేదు. మే 26, 27 తేదీలలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలు కచేరీలతో పర్యటన ముగిసింది. జూలై 29న డిలన్ మోటారుసైకిల్ ప్రమాదానికి గురయ్యాడు. మళ్లీ పూర్తిస్థాయి పర్యటనకు బయలుదేరింది 1974లోనే. ఈలోగా మాంచెస్టర్ టేపు దొంగ రికార్డుగా బజారులోకి వచ్చింది. దానిమీద రాయల్ ఆల్బర్ట్ హాల్ అని అచ్చువేశారు. పొరపాటో, రాజధాని పేరుకు గిరాకీ ఎక్కువని వేశారో గాని, ఒక తరం మొత్తం ఆ కేకను లండన్ కేకగానే విన్నది. సాల్ఫర్డ్, పీటర్లూ, ఫోక్ క్లబ్బులు అన్నీ ఆ చీటీ కింద కప్పబడిపోయాయి. చీటీ అతికించినవాడు తెలియకుండానే విమర్శ చేశాడు.

పదేళ్ల తరువాత అదే భవనంలోని చిన్న హాలులో, 1976 జూన్ 4న, సెక్స్ పిస్టల్స్ బృందం కొద్దిమంది ఎదుట వాయించింది. ఆ కొద్దిమందిలో ఉన్న పీటర్ హుక్, బెర్నార్డ్ సమ్నర్ తరువాత 'జాయ్ డివిజన్' స్థాపించారు. మారిసీ 'ద స్మిత్స్'లో పాడాడు. నేడు ఆ రాత్రి తామూ అక్కడ ఉన్నామని చెప్పేవారు హాలులోని కుర్చీలకు మించిపోయారు. 1976 ఘట్టంలో శ్రోతలు నాయకులు, ఎందుకంటే వారు తరువాత బ్యాండ్లు పెట్టారు. 1966 ఘట్టంలో శ్రోతలు ప్రతినాయకులు, ఎందుకంటే వారు ఇళ్లకు వెళ్లిపోయారు. చరిత్రలో పాత్ర దొరకడానికి సరైన అభిప్రాయం ఉండడం కంటె తరువాత మైకు దొరకడం ముఖ్యమైనట్టుంది.

1998 అక్టోబరులో కొలంబియా సంస్థ మాంచెస్టర్ కచేరీని అధికారికంగా విడుదల చేసింది. అప్పటికి అది లండన్‌ది కాదని అందరికీ తెలుసు. అయినా సీడీ పెట్టె మీద 'రాయల్ ఆల్బర్ట్ హాల్' అన్న పాత పేరునే కొటేషన్ గుర్తుల మధ్య ఉంచారు. జనం ఆ పేరుతోనే ఎరుగుదురు గనుక అది వ్యాపారరీత్యా సబబే. 2016లో ఆ పర్యటన మొత్తాన్ని 36 సీడీలుగా వెలువరించి, మే 26 నాటి లండన్ కచేరీని విడిగా కూడా అమ్మకానికి పెట్టారు. నిజంగా రాయల్ ఆల్బర్ట్ హాలులోనే జరిగిన ఆ కచేరీకి, తన పేరు అప్పటికే మరొకరు వాడేసుకొన్నందువల్ల, శీర్షికలో 'అసలైన' అన్న విశేషణం చేర్చవలసి వచ్చింది.